తెల్లతెర మీద ఒక పేరు, రెండు సంవత్సరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపుగా ఒకే సీరియల్ చుట్టూ తిరిగాయి. అది ‘సిక్స్ ఫీట్ అండర్’. లాస్ ఏంజెలెస్‌లో ఫిషర్ కుటుంబానికి ఒక ఫ్యూనరల్ హోమ్ ఉంటుంది. కింద సెల్లార్‌లో శవాల పని, మధ్య అంతస్తులో అంత్యక్రియల సభలు, పైన కాపురం. తండ్రి పోయాక తల్లి రూత్, కొడుకులు నేట్, డేవిడ్, కూతురు క్లెయిర్ దాన్ని నడుపుతూ, ఒకరితో ఒకరు చెప్పుకోవాల్సినవి చెప్పుకోలేక ఎలా నలిగారన్నది కథ. సృష్టికర్త ఆలన్ బాల్. హెచ్‌బీఓలో 2001 జూన్ 3న మొదలై 2005 ఆగస్టు 21న ముగిసింది. ఐదు సీజన్లు, 63 ఎపిసోడ్లు. చివరి రెండు ప్రశ్నల్లో ముగింపు బయటపడుతుంది, చూడనివాళ్లు అక్కడ ఆగండి.

ప్రశ్న: రెండు ఎపిసోడ్లు చూసి ఆపేశాను. ఎవరో పోవడం, ఆ శవం పక్కన వీళ్లు గొడవ పడటం. ఇందులో అంత పొగడాల్సింది ఏముంది? ఎలా చూస్తే పట్టుబడుతుంది? (విజయవాడ)

మీరు ఆపింది సరిగ్గా ఆగకూడని చోట. మొదటి ఎపిసోడ్‌లో తండ్రి నథానియల్ 2000 క్రిస్మస్ ముందురోజు కొత్త శవవాహనం నడుపుకుంటూ, విమానాశ్రయంలో దిగే పెద్దకొడుకు కోసం వెళుతూ బస్సు గుద్ది పోతాడు. రెండో ఎపిసోడ్‌లో వీలునామా చదువుతారు. ఎప్పుడో ఇల్లు వదిలి సియాటిల్ వెళ్లిపోయిన నేట్‌కీ, చదువు, యవ్వనం అన్నీ ఈ వ్యాపారానికే ధారపోసిన డేవిడ్‌కీ సమాన వాటాలు. అన్నదమ్ముల కథ మొత్తం ఆ సగం సగంలోంచే పుడుతుంది. అందుకే ఆ రెండూ ఒకే రోజు చూసి, ఆ తర్వాత రోజుకి ఒకటి చొప్పున వెళ్లండి. ఒక్కోటి దాదాపు గంట. వరసపెట్టి నాలుగైదు చూస్తే బరువుతో పాటు విసుగూ వస్తుంది.

మొదటి ఎపిసోడ్ మధ్యలో శవవాహనాలకీ, శవం చెడకుండా ఎక్కించే ఎంబామింగ్ ద్రావణాలకీ వచ్చే ప్రకటనలు నిజం కాదు, వెక్కిరింత. తర్వాత ఎపిసోడ్లలో వాటిని వదిలేశారు, మంచి పని చేశారు.

ఇక అసలు కిటుకు. దాదాపు ప్రతి ఎపిసోడ్ ఒక అపరిచితుడి చావుతో మొదలవుతుంది. తెర తెల్లబడి, పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం పడతాయి. ఆ రెండు మూడు నిమిషాలు టీ పెట్టుకోవడానికి లేవకండి. ఆ చావే ఆరోజు ఇంట్లోవాళ్లు దేని గురించి గొడవ పడబోతున్నారో చెప్పేస్తుంది. నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్ చూడండి. హీలియం నింపిన రబ్బరు బొమ్మలు వాహనంలోంచి జారి ఆకాశంలోకి లేస్తాయి. అవి పెద్దలు మాత్రమే కొనుక్కునే రకం బొమ్మలు. వాటిని చూసిన ఒక భక్తురాలు పుణ్యాత్ములు స్వర్గానికి వెళుతున్నారనుకుని, కారు దిగి చేతులు చాచి రోడ్డు మీదికి పరుగెత్తి, మరో కారు కింద పడుతుంది. మీకు నవ్వొస్తుంది. కాసేపటికి ఆమె కోసం ఏడ్చేవాళ్ల మధ్య కూర్చోబెడతారు. నవ్వినందుకు ఇబ్బంది పడాల్సింది మీరే.

నాలుగో సీజన్ మధ్యభాగం కొంచెం వదులు. అయినా దాటేయకండి. అందులో ఐదో ఎపిసోడ్‌లో డేవిడ్‌ని ఒక దుండగుడు తుపాకీతో బెదిరించి వాహనంతో సహా తిప్పుతాడు. అది చూడకపోతే ఐదో సీజన్‌లో అతని భయాలు అర్థం కావు. పెద్దలకు మాత్రమే తగిన సీరియల్ అని వేరే చెప్పక్కర్లేదు కదా. హాల్లో అందరి మధ్యా పెట్టుకునేది కాదు.

ప్రశ్న: చనిపోయినవాళ్లు వచ్చి మాట్లాడుతుంటారు. దెయ్యాలా? దీన్ని కుటుంబ కథ అనాలా, హారర్ అనాలా? (తెనాలి)

దెయ్యాలు కావు. ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఆ చనిపోయిన మనిషి, ఎదుటివాడికి తెలియని సమాచారం ఒక్కటైనా చెప్పాడా? చెప్పడు. తండ్రి నథానియల్ సిగరెట్ కాలుస్తూ వచ్చి డేవిడ్‌ని ఎగతాళి చేస్తే, అది డేవిడ్ తనని తాను చేసుకునే ఎగతాళి. అదే తండ్రి నేట్ ముందుకొస్తే వేరే మనిషిలా ఉంటాడు, ఎందుకంటే నేట్ మనసులో ఉన్న తండ్రి వేరు.

ఇది బాగా తెలిసేది మొదటి సీజన్ పన్నెండో ఎపిసోడ్‌లో. స్వలింగ సంపర్కుడన్న ద్వేషంతో కొట్టి చంపిన ఒక కుర్రాడి శవం వస్తుంది. డేవిడ్ కూడా స్వలింగ సంపర్కుడే. చర్చిలో పెద్దమనిషిగా ఉంటూ ఆ సంగతి దాచుకుంటున్నవాడు. ఆ కుర్రాడు లేచి డేవిడ్‌తో మాట్లాడే మాటలు, చంపినవాళ్లు అనేలాంటివే. బాధితుడి నోట హంతకుల మాటలు పెట్టారేమిటి అనిపిస్తుంది. ఆ మాటలు డేవిడ్ చిన్నప్పటి నుంచి మింగినవి. ఎవరి గొంతులో వినిపిస్తేనేం?

మన దగ్గర దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. జవాబు వస్తుందని పిలిచేవాడికీ నమ్మకం ఉండదు, అయినా పిలవకుండా ఉండలేడు. ఈ సీరియల్లో ఆ పిలుపుకి జవాబు వస్తుంది, అంతే తేడా. వచ్చేది పిలిచినవాడి గొంతులోంచే.

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థినిని. సెల్లార్‌లో ఫిషర్ల ఉద్యోగి ఫెడెరికో చేసే ఎంబామింగ్ నిజంగా అలాగే ఉంటుందా? (గుంటూరు)

వరస నిజమే, వేగం నిజం కాదు. తెర మీద రెండు నిమిషాల్లో అయ్యేది అసలులో రెండు గంటల పైమాట. పోస్టుమార్టం అయిన శరీరమైతే ఇంకా ఎక్కువ.

ముందు క్రిమిసంహారకంతో కడిగి, బిగుసుకున్న కీళ్లని మెల్లగా వంచి, రుద్ది వదులు చేస్తారు. తర్వాత ముఖం. కనురెప్పల కింద గరుకుగా ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు పెడితే రెప్పలు తెరుచుకోవు. దవడని దారంతోనో సన్నటి తీగతోనో లోపలి నుంచి బిగిస్తారు. ముఖం ఎలా కుదిరిందో ద్రావణం ఎక్కాక అలాగే గట్టిపడుతుంది. కాబట్టి నోటి వాలు సరిచేయాలంటే ఇప్పుడే చేయాలి.

తర్వాత మెడ పక్కన, కాలర్ ఎముక దగ్గర చిన్న కోత. కెరోటిడ్ ధమనిలోకి గొట్టం పెట్టి, ఫార్మాల్డిహైడ్, రంగు కలిసిన ద్రావణాన్ని యంత్రంతో పంపుతారు. పక్కనే ఉన్న జుగులార్ సిర నుంచి రక్తం బయటికొస్తుంది. మోటు లెక్కగా, దాదాపు 23 కిలోల బరువుకి ఒక అమెరికన్ గ్యాలన్, అంటే 3.8 లీటర్లు. డెబ్బై కిలోల మనిషికి పదకొండు, పన్నెండు లీటర్లు పడుతుంది. చివరికి బొడ్డు దగ్గర ట్రోకార్ అనే పొడవాటి బోలు సూదిని దించి, పొట్ట, ఛాతీల్లోని ద్రవాలు లాగేసి, ఘాటైన ద్రావణం పోసి రంధ్రం మూస్తారు.

ఎక్కడ తప్పుతుందంటే, ఒత్తిడి ఎక్కువైతే ముఖం ఉబ్బిపోతుంది, దాన్ని మళ్లీ దించడం కష్టం. రక్తనాళాలు మూసుకుపోయిన వృద్ధుల్లో కాళ్లకి ద్రావణం చేరదు. వేళ్లకి రంగు ఎక్కకపోవడమే దానికి గుర్తు. అప్పుడు తొడ దగ్గర విడిగా ఎక్కించాలి. కామెర్లతో పోయినవాళ్లకి మామూలు ఫార్మాల్డిహైడ్ ఎక్కిస్తే, బిలిరుబిన్ కాస్తా బిలివర్డిన్‌గా మారి పసుపు చర్మం ఆకుపచ్చకి తిరుగుతుంది. బంధువులు చూసే శరీరం అది, ఊహించుకోండి. అందుకే వాళ్లకి వేరే రకం ద్రావణం వాడతారు. పోస్టుమార్టం అయితే రక్తప్రసరణ మార్గం తెగిపోయి ఉంటుంది కాబట్టి తలకి రెండు వైపులా, చేతులకి, కాళ్లకి, మొత్తం ఆరు చోట్ల నుంచి ఎక్కించాలి.

ఫెడెరికో గొప్పతనం ఈ పనిలో కాదు, దీని తర్వాతి పనిలో. నలిగిపోయిన ముఖాన్ని ఫొటో చూసి మైనంతో మళ్లీ కట్టడం అతని విద్య. తన కళాఖండాన్ని పెట్టెలో చూసుకుని మురిసిపోతాడు. వాటా మాత్రం ఫిషర్లదే అన్న కడుపుమంట అక్కడే మొదలవుతుంది. ఆ మంట చల్లారి బోర్డు మీద అతని పేరు చేరేసరికి మూడో సీజన్ వస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి. ఫార్మాల్డిహైడ్‌ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మీ కళాశాల అనాటమీ గదిలో గాలి బయటికి లాగే ఫ్యాను పనిచేస్తోందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఈ సీరియల్ చూశాక భయమేసింది. అక్కడ ఎవరైనా పోతే ఎంబామింగ్ తప్పనిసరా? వాళ్లు చెప్పిన పెట్టె కొనాల్సిందేనా? (ఖమ్మం)

మామూలుగా తప్పనిసరి కాదు. అమెరికాలో 1984 నుంచి ఫ్యూనరల్ రూల్ అని కేంద్ర నిబంధన ఉంది. దాని ప్రకారం నేరుగా వెళ్లి అడిగిన ఎవరికైనా అంశాలవారీ ధరల పట్టిక చేతికివ్వాలి. ఫోన్లో అడిగినా ధర చెప్పాలి. చట్టం అడగని చోట ఎంబామింగ్ చట్టప్రకారం తప్పదని చెప్పకూడదు. పెట్టె బయట కొనుక్కొస్తే తీసుకోవాలి, దానికి విడిగా రుసుం వేయకూడదు. నేరుగా దహనమే కావాలంటే ఖరీదైన పెట్టె అక్కర్లేదు, అట్టతోనో మామూలు చెక్కతోనో చేసినది చూపించాలి.

భౌతికకాయాన్ని ఇక్కడికి తేవాలంటే మాత్రం లెక్క మారుతుంది. విమానంలో ఇండియాకి రావాలంటే ఎంబామింగ్ చేసినట్టు ధ్రువపత్రం అడుగుతారు. దానితో పాటు మరణ ధ్రువపత్రం, అంటువ్యాధి లేదన్న పత్రం, పెట్టెలో భౌతికకాయం తప్ప మరేదీ లేదని ఫ్యూనరల్ హోమ్ ఇచ్చే అఫిడవిట్, రద్దు చేయడానికి పాస్‌పోర్టు, భారత కాన్సులేట్ ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. ఆలస్యం ఎక్కువగా జరిగేది పేర్ల దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, మరణ ధ్రువపత్రంలో వెనక ఉంటే కాగితం తిరిగొస్తుంది. ఫ్యూనరల్ హోమ్‌కి పాస్‌పోర్టు నకలు ముందే ఇచ్చి, అక్షరం అక్షరం అలాగే రాయమనండి. అక్కడే దహనం చేసి అస్థికలు తెచ్చేట్టయితే, లోహపు పాత్ర వద్దు. భద్రతా తనిఖీలో ఎక్స్‌రే దాటి లోపల కనబడకపోతే అనుమతించరు, మూత తెరిచి చూడరు కూడా. చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసినది తీసుకోండి.

ఫిషర్లని కొనెయ్యాలని వెంటపడే క్రోనర్ అనే కంపెనీ కల్పితం. కానీ 1990ల్లో పెద్ద కంపెనీలు కుటుంబాల చేతిలోని ఫ్యూనరల్ హోమ్‌లని వరసగా కొన్నది నిజమే. చాలాచోట్ల బోర్డు మీద పాత కుటుంబం పేరే ఉంచేశారు. కాబట్టి పేరు చూసి కాదు, ధరల పట్టిక చూసి మాట్లాడుకోండి.

ప్రశ్న: మా నాన్నగారు పోయి నెల కాలేదు. ఇది చూస్తే మనసు తేలికపడుతుందని ఒకరు చెప్పారు. చూడొచ్చా? (హైదరాబాద్)

ఇప్పుడు వద్దండీ. మంచి సీరియల్ అయినంత మాత్రాన మందు కాదు. కనీసం పెద్దకర్మ హడావుడి, బ్యాంకు కాగితాలు, వచ్చేపోయే చుట్టాలు అన్నీ సద్దుమణిగాక చూడండి. మొదలుపెట్టినా మొదటి ఎపిసోడ్ ఒక్కటి చూసి ఒక రోజు ఆగండి. అందులో తండ్రి సమాధి దగ్గర, చేతికి మట్టి అంటకుండా చల్లమని ఉప్పు డబ్బాలాంటిది ఇస్తారు. నేట్ దాన్ని కాదని పిడికెడు మట్టి తీసుకుంటాడు. ఆ సన్నివేశం మీకు ఊరటగా ఉంటే ముందుకెళ్లండి, గుండె బరువెక్కితే పక్కన పెట్టండి. పసిబిడ్డని పోగొట్టుకున్న ఇంట్లో మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ అసలు పెట్టొద్దు, అందులో చిన్నపిల్లాడు తుపాకీ పేలి పోతాడు. నిద్ర, తిండి వారాల తరబడి కుదరకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: ఆ ఇల్లు సెట్టా, నిజమా? డేవిడ్‌గా వేసిన నటుణ్ణి ఇంకెక్కడో చూశాను. (రాజమహేంద్రవరం)

బయటి భాగం లాస్ ఏంజెలెస్ వెస్ట్ ఆడమ్స్ ప్రాంతంలోని పాత ఇల్లు. లోపలి గదులు స్టూడియో సెట్లు. నటుడు మైకేల్ సి. హాల్. 2006లో మొదలైన ‘డెక్స్‌టర్’లో చూసి ఉంటారు. అక్కడా శవాలే పాపం.

ప్రశ్న: నేను తెలుగు సీరియళ్లకి సంభాషణలు రాస్తాను. మా చావు సన్నివేశాలు ఎందుకు తేలిపోతున్నాయి? దీన్నుంచి ఏం నేర్చుకోవచ్చు? (హైదరాబాద్)

ముందు ఒక న్యాయం చెప్పాలి. మీది దాదాపు రోజూ ప్రసారమయ్యే పని, వాళ్లది ఏడాదికి పన్నెండు పదమూడు ఎపిసోడ్లు. పోలిక ఆ మేరకే. కానీ ఒక తేడా డబ్బుతో సంబంధం లేనిది. మీ దగ్గర చావు ఒక ట్రాక్‌కి ముగింపు. ఫొటోకి దండ వేసి, మర్నాటి నుంచి ఆస్తి గొడవలోకి వెళ్లిపోతారు. ఇక్కడ చావు మొదలు. భర్త భౌతికకాయం ఇంకా ఇంట్లో ఉండగానే రూత్ కొడుకుల ముందు, తనకి ఒక హెయిర్‌డ్రెస్సర్‌తో సంబంధం ఉందని ఏడుస్తూ బయటపెడుతుంది. భర్త బతికుంటే ఎప్పటికీ చెప్పదు. పోయాక ఆ అపరాధం మోయలేకపోతుంది. మీ సన్నివేశంలో ఈ ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి పోవడం వల్ల ఇంట్లో ఎవరికి ఏ అబద్ధం దాచడం కష్టమైంది?

రెండోది, వీళ్లు ఏడుస్తున్నప్పుడు చేతులకి పని ఉంటుంది. పూలు సర్దడం, కుర్చీలు వేయడం, బిల్లు రాయడం. మన ఇళ్లలో మాత్రం లేదా? ఫ్రీజర్ పెట్టెకి ఫోన్ చేసేవాడు, షామియానా బేరమాడేవాడు, వచ్చినవాళ్లకి టీ అందించే కోడలు. ఆ కోడలి ముఖం మీద కెమెరా పెట్టండి, ఉరుము శబ్దం మూడుసార్లు వేయక్కర్లేదు.

ప్రశ్న: నేట్‌ని ఎంత ప్రేమించానో చివర్లో అంత కోపమొచ్చింది. భార్య బ్రెండాకి ఎందుకు అలా చేశాడు? రచయితలు అతన్ని పాడుచేశారా? (విశాఖపట్నం)

పాడుచేయలేదు, మొదటి నుంచీ అంతే. మీరు గమనించకుండా ప్రేమించారు, బ్రెండా కూడా అంతే. మొదటి సీజన్ చివర్లో అతనికి మెదడులో ఏవీఎం ఉందని తేలుతుంది. ఏవీఎం అంటే మనకి మద్రాసు స్టూడియో గుర్తొస్తుంది గానీ, ఇది ధమనులు, సిరలు చిక్కుపడి ఎప్పుడైనా పగిలిపోగల ముడి. అప్పటి నుంచి అతను చేసే ప్రతి పనీ చావుకి ముందు నిజంగా బతికేయాలన్న తొందరే. తనకి పాప పుట్టిందని పాత స్నేహితురాలు లీసాని పెళ్లాడాడు. ఆమె పోయాక ఎవరికీ చెప్పకుండా ఎడారిలో పాతిపెట్టి, ఆమె పుట్టింటివాళ్లకి వేరెవరిదో బూడిద ఇచ్చాడు. తర్వాత బ్రెండాని పెళ్లాడాడు, ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, గర్భం పోయిన మర్నాడే. అదే సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ చివర్లో, రూత్ రెండో భర్త కూతురు మ్యాగీతో గడిపాక పడిపోయి, తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆసుపత్రిలో కళ్లు తెరిచి, గర్భంతో ఉన్న బ్రెండాకి మన బంధం అయిపోయిందని చెప్పి, ఆ తర్వాత పోతాడు. నలభై ఏళ్లు.

అసలు బరువు అక్కడ ఉంది. మంచివాడు పోతే ఏడవడం సులువు. కోపం తీరకుండా పోయినవాడి కోసం ఎలా ఏడవాలి? బ్రెండా ఆ మనిషిని తిట్టలేకపోతుంది, తలుచుకోలేకపోతుంది. రూత్ ఆ సమయానికి ఫోన్ అందని అడవిలో విడిదికి వెళ్లి ఉంటుంది, కొడుకు పోయాక గానీ తెలియదు. పదో ఎపిసోడ్‌లో నేట్ కోరినట్టే ఎంబామింగ్ లేకుండా, పెట్టె లేకుండా, బట్టలో చుట్టి పచ్చికలో పూడుస్తారు. అన్ని శవాలకీ ఎంబామింగ్ చేసిన ఇంటి కొడుకు తన ఒంట్లోకి ఆ ద్రావణం వద్దన్నాడు.  ఆ మూడు ఎపిసోడ్లు, తొమ్మిది నుంచి పదకొండు దాకా, టీవీలో దుఃఖం మీద వచ్చినవాటిలో నాకు తెలిసినంతలో అత్యుత్తమం.

ప్రశ్న: ఆఖరి ఆరేడు నిమిషాలు ఏడ్చాను గానీ పూర్తిగా అర్థం కాలేదు. క్లెయిర్ నిజంగా అవన్నీ చూస్తోందా? ఎవరు ఎప్పుడు పోయారో వరస చెప్పండి. (కాకినాడ)

క్లెయిర్ కారులో న్యూయార్క్ బయల్దేరుతుంది, గాయని సియా పాట మొదలవుతుంది, రోడ్డుతో పాటు ఏళ్లు గడుస్తాయి. ఆమె ఊహా, జరగబోయేదా అన్నది తేల్చరు. ఎపిసోడ్లన్నిటా వాడిన తెల్లతెరా, పేరూ, సంవత్సరాలూ ఇక్కడా అలాగే వస్తాయి కాబట్టి జరిగినట్టే తీసుకోవడం న్యాయం. రూత్ 2025లో ఆసుపత్రి మంచం మీద. డేవిడ్ జీవిత భాగస్వామి కీత్ 2029లో డబ్బు తరలించే వాహనం దగ్గర దోపిడీలో కాల్పులకి. డేవిడ్ 2044లో ఒక పిక్నిక్‌లో, కుర్రవాడిగా కనబడిన కీత్‌ని చూస్తూ. ఫెడెరికో 2049లో ఓడ మీద. బ్రెండా 2051లో, తమ్ముడు బిల్లీ ఆపకుండా మాట్లాడుతుండగా, అదొక్కటే నవ్వించే చావు. క్లెయిర్ 2085లో, నూరేళ్లు దాటి, గోడ నిండా తాను తీసిన ఫొటోల మధ్య. 2005లో చూసినవాళ్లకి రూత్ సంవత్సరం ఎక్కడో భవిష్యత్తు. ఇప్పుడు అదీ వెనకబడిపోయింది.

మీరు ఏడుస్తూ గమనించి ఉండరు, ఈ ఒక్క ఎపిసోడ్ మొదటి దృశ్యం మళ్లీ పెట్టి చూడండి. చావు లేదు. బ్రెండాకి నెలలు నిండకుండా పాప పుడుతుంది. తెర ఎప్పటిలాగే తెల్లబడుతుంది, పేరు పడుతుంది, దాని పక్కన పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంటుంది.